దేశవాళి మొక్క యనగానేమి? – గోదావరి మెట్టనేలలో ఉపవన విచారము

అమరకోశ ద్వితీయకాండమందలి భూమివర్గమున పంట పండు దేశమును రెండు విధములుగ చెప్పినారు. నదీజలముచే పండునది నదీమాతృకము. వాననీటిచే పండునది దేవమాతృకము. ఒకదానికి నది తల్లి, మరియొకదానికి మేఘము తల్లి. గోదావరి మండలమనగానే లోకమునకు స్ఫురించునది మొదటిదే. 1852లో ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తియైన నాటినుండి కాలువలు, వరిచేలు, కొబ్బరితోటలు, అరటితోటలు మన మండలమునకు పర్యాయపదములైనవి. కాని రాజమహేంద్రవరమునుండి ఉత్తరముగ కోరుకొండ మీదుగ గోకవరము వైపునకో, గోదావరి దాటి పడమరగ నల్లజర్ల, ద్వారకాతిరుమల వైపునకో పోయి చూచినచో రెండవ తల్లి బిడ్డలు కనబడుదురు. దానినే మనవారు మెట్ట యందురు. పుష్కర, తాడిపూడి మున్నగు ఎత్తిపోతల పథకములవలన మెట్టలో కొంతభాగమునకు నీరు చేరిన మాట నిజమే. కొండవాలు నేలలకు మాత్రమది యెక్కలేదు.

ఇటీవల పాఠశాలలయందును, దేవస్థానముల సభలయందును "దేశవాళి మొక్కలనే నాటవలెను" అను మాట తరచుగ వినబడుచున్నది. మాట మంచిదే. అయితే ఇందలి దేశశబ్దమునకు అర్థమేమి? భరతదేశమని యనేకుల తలంపు. నా తలంపును మొదట అదియే. ఆ యొక్క శబ్దమును సరిగ గ్రహింపకపోవుటచే నేను నూటనలువది మొక్కలను, మూడేండ్ల కాలమును, వృద్ధాప్యమునకై దాచుకొన్న ధనములో కొంతభాగమును పోగొట్టుకొంటిని. ఆ పిమ్మట గ్రంథములను మరల విప్పి చదువగా దోషము శాస్త్రములో లేదనియు, నా పఠనమందున్నదనియు తెలిసినది. ఆ విషయమే ఈ వ్యాసమున నివేదించుచున్నాను.

గోకవరము దారిలో, అడవి సరిహద్దునకు రెండు ఫర్లాంగుల దూరమున, మా పితామహుల నాటినుండి వచ్చిన రెండున్నర యెకరముల రాతినేల కలదు. దానిని ఎవరును కౌలునకు తీసికొనలేదు. పైన ఎర్రని గరుసు, జానెడు లోతున రాయి. ఒక మూలగా వానకాలమున పారి కార్తికమునకు ఎండిపోవు వాగు. పాఠశాలలో నేను పదియేండ్ల వయస్సున అమరము వల్లించినవాడను. వనౌషధివర్గము ఈనాటికిని నాకు కంఠస్థమే. ధవమునకు, తినిశమునకు, అసనమునకు గల నామములన్నియు నోటికి వచ్చును. ఆ చెట్లు ఎదుట నిలిచినను గుర్తింపజాలకుంటిని. శిష్యులకైనను ఈ లోపము లేకుండ, వర్గములోని చెట్లను కంటితో చూపి పాఠము చెప్పవలెనని ఉద్యోగవిరమణానంతరము సంకల్పించితిని.

ఆ సంవత్సరము ఆరుద్రకార్తెలో గునపములతో గోతులు త్రవ్వించి పనస, కదంబము, మేడి, నేరేడు, మద్ది, దానిమ్మ, మాదీఫలము నాటించితిని. గట్టున కొబ్బరి, వాగు వైపున అరటి. అందులో విదేశీయమైనది ఒక్కటియు లేదని గర్వపడితిని. మొక్కలన్నియు కడియపులంకనుండి తెచ్చినవే. ఆరోగ్యముగ, పచ్చగ ఉన్నవి. వానలున్నంతకాలము తోట కన్నులపండువుగ నుండెను. మార్గశిరమునకు ఆకులు వాడినవి. మాఘమునకు నీటిబండి తెప్పించితిని. చైత్రమునకు మిగిలినవి పదునెనిమిది. ఎండకు మిగిలినవానిని మృగములు చూచుకొన్నవి. అరటిదుంపలను అడవిపందులు ఒక్కరాత్రిలో పెకలించి తినిపోయినవి. కొబ్బరిమొక్కల మొదళ్ళను ఏదుపంది కొరికినది. కోతులు దానిమ్మమొక్కలను తినుటకు కాదు, పీకి చూచుటకే పీకినవి. అమరములో భూమి, పుర, శైల, వనౌషధి వర్గముల పిదప సింహాదివర్గము వచ్చును. నేల, ఊరు, రాయి, చెట్టు, ఆ వెనుక మృగము! ఆ క్రమములోని రహస్యము అరువదియేండ్ల పారాయణమున తెలియలేదు. ఒక్క యేడాది తోటపనిలో తెలిసినది.

మరుసటియేడు పట్టుదలతో మరల నాటించితిని. ఆ పైయేడును నాటించితిని. ఫలితమదియే.

ఇంక గ్రంథములను చూతము. చరకసంహితలో కల్పస్థానము ప్రథమాధ్యాయమున దేశమును మూడు విధములుగ విభజించినారు: జాంగలము, ఆనూపము, సాధారణము. ఆనూపదేశ వర్ణనమును చదివినపుడు నేను ఉలిక్కిపడితిని. హింతాల తమాలములతోబాటు కొబ్బరి, అరటి వనములచే దట్టమై, నదులును సముద్రమును హద్దులుగ గలదట ఆ దేశము. ఇది కోనసీమకు గీచిన చిత్రపటము కాక మరేమి? జాంగలదేశమున చెప్పిన చెట్లు వేరు. ఖదిరము, అసనము, ధవము, సల్లకి, బదరి, తిందుకము, అశ్వత్థము, వటము, ఆమలకి. మరియు శమి, కకుభము, శింశప. తెలుగున చెప్పవలెనన్న చండ్ర, ఏగిస, చిరుమాను, అందుగు, రేగు, తుమికి, రావి, మర్రి, ఉసిరి, జమ్మి, మద్ది మున్నగునవి. గోకవరమునుండి రంపచోడవరము దారిలో బస్సు కిటికీనుండి తల బయటపెట్టి చూచినవారికి ఈ పట్టికలో సగము దారిప్రక్కనే కనబడును. నేను నాటినవానిలో ఈ పట్టికయందున్నది ఒక్క మద్ది మాత్రమే.

వరాహమిహిరుని బృహత్సంహితలో వృక్షాయుర్వేదాధ్యాయము ఇంతకంటె స్పష్టముగ నా తప్పును చూపినది. ఆయన అనూపభూమియందు పుట్టు చెట్లను పదునారింటిని లెక్కించి చెప్పినాడు. జంబువు, వేతసము, కదంబము, ఉదుంబరము, అర్జునము, బీజపూరము, ద్రాక్ష, దాడిమము, పనస, నక్తమాలము మొదలగునవి అందున్నవి. నేరేడు, కదంబము, మేడి, మద్ది, మాదీఫలము, దానిమ్మ, పనస – నేను గోతులలో పెట్టిన చెట్లు వరుసగ అందే కలవు! అనూపజములను ఏరి ఏరి తెచ్చి జాంగలభూమిలో పాతిపెట్టినవాడను నేను. ఆ శ్లోకములు నాకు తెలియనివి కావు. నలువదియేండ్ల క్రితము పాఠము చెప్పినవాడనే. కాని చెప్పునపుడు అనూప శబ్దమునకు వ్యుత్పత్తి చూచితినే కాని, నేలను చూడలేదు.

ఇచట ఒక శంక. అర్జునమును వరాహమిహిరుడు అనూపజమనినాడు. చరకుడు కకుభమును జాంగలమున చెప్పినాడు. అర్జున కకుభములు పర్యాయపదములే కదా. ఇద్దరిలో ఎవరి మాట ప్రమాణము? నిఘంటువులు తిరుగవేసినచో ఈ చిక్కు విడదు. మెట్టలో వాగువెంట నడచినచో విడును. తెల్లమద్ది కొండవాలున సాధారణముగ నుండదు. ఎండిన వాగు ఒడ్డున, ఇసుక క్రింద తడియున్న చోట వరుసగ నిలుచును. దేశము జాంగలమే, చెట్టు నిలిచిన స్థలము మాత్రము అనూపాంశము గలది. ఒకరు దేశమును చూచి చెప్పిరి, ఒకరు స్థలమును చూచి చెప్పిరి. కనుక విరోధము లేదు. నా తోటలో మూడేండ్లకును మిగిలిన మద్దులు రెండే. రెండును వాగుప్రక్కన నాటినవే. ఎత్తున నాటినవి చచ్చినవి. శంకాసమాధానమును మొక్కలే చెప్పినవన్నమాట.

కావున దేశవాళి యనునపుడు దేశమనగా రాజ్యము కాదు, మండలము కాదు, జిల్లా యసలే కాదు. 2022లో జిల్లాల హద్దులు మారినంతమాత్రమున చెట్ల హద్దులు మారవు. దేశమనగా తడి, రాయి, గాలి, ఎండ – వీని సముదాయము. కడియమునకును గోకవరమునకును నడుమ దూరము స్వల్పమే. వృక్షాయుర్వేద దృష్టిలో అవి రెండు వేర్వేరు దేశములు. కడియపులంకలో దేశవాళియైన పనస, మా గుట్టపై పరదేశి.

ఒక విశేషమును ఇచట గమనింపవలెను. మన మెట్టలో వర్షపాతము తక్కువేమియు కాదు. ఏటికి వేయి మిల్లీమీటర్లకు పైగనే కురియును. రాయలసీమవారు విన్నచో అసూయపడుదురు. కాని ఆ వానలో అధికభాగము నాలుగు నెలలలో కురిసి, రాతిపై నిలువక పారిపోవును. గోదావరికి పడమట పంగిడి, గౌరీపట్టణము ప్రాంతమునను, ఇటు కాతేరు వద్దను గల నల్లరాయి దాదాపు ఆరున్నర కోట్ల ఏండ్ల క్రితము ప్రవహించి గడ్డకట్టిన లావా. ఉత్తరమున నున్న కొండలరాయి అంతకంటె ఎంతయో ప్రాచీనము. అట్టి రాతిపై జానెడు మన్ను మాత్రమున్నచోట ఎంత కురిసినను ఎనిమిది నెలలు ఎండయే. కనుక మా నేల వానచే జాంగలము కాదు, రాతిచే జాంగలము. ఈ భేదము ఆచరణలో ముఖ్యమైనది. నీటిని తెచ్చుట కాదు, పోవు నీటిని ఆపుట ఇచటి పని.

సురపాలుని వృక్షాయుర్వేదమును గూర్చి చెప్పక తప్పదు. భీమపాలుని ఆస్థానమునందలి ఈ వైద్యుని గ్రంథము సుమారు క్రీ.శ. 1000 నాటిదని విద్వాంసులు చెప్పుదురు. దాని వ్రాతప్రతి ఆక్స్‌ఫర్డునందలి బోడ్లియన్ గ్రంథాలయమున నుండగా, వై.ఎల్. నేనే గారు ప్రతిని సంపాదింపగా, ఉస్మానియా విశ్వవిద్యాలయమున సంస్కృతాచార్యులైన నళినీ సాధలే గారు ఆంగ్లమున అనువదించిరి. 1996లో సికిందరాబాదునందలి ఏషియన్ అగ్రి హిస్టరీ ఫౌండేషన్ వారు ప్రకటించిరి. తెలుగునేలపై వెలువడిన గ్రంథమైనను మన ప్రాచ్యకళాశాలలలో దానిని చదివినవారు అరుదు. నేను ఆశతో తెరచితిని. అందు నా నేలను గూర్చి ఏమున్నది? విషము, రాళ్ళు, పుట్టలు, బొరియలు, గులకలు గలిగి నీటికి దూరమైన నేల చెట్లకు పనికిరాదని యున్నది. మా రెండున్నర యెకరములలో విషమొక్కటి తప్ప తక్కినవన్నియు కలవు.

శాస్త్రము కాదన్నపుడు శాస్త్రాధ్యాయి యేమి చేయవలెను? కొన్నాళ్ళు తోటకు పోవుట మానితిని. తుదకు దారి చూపినవాడు ఆ ప్రాంతమున మేకలు కాయు ఒక వృద్ధుడు. నాటుటకు అడ్డమని నేను కూలీలచే మోళ్ళను త్రవ్వించుచుండగా ఆయన గట్టుమీద నిలిచి, "అయ్యగారండీ, ఆ మోళ్ళు తీయించకండి. పైన కొట్టేశారు గానండి, కింద వేరు బతికే ఉంది. మా మేకలు చిగురు తినేయబట్టి లేవట్లేదండి" అనెను. మేకలవాడే మేకలపై నేరము మోపుట నాకు విచిత్రముగ తోచినది. అది మేకలపై నేరము కాదు, నాకు చెప్పిన వృక్షాయుర్వేదము.

సురపాలుని నిషేధము రోపణమునకు, అనగా నాటుటకు సంబంధించినది. స్వయముగ పుట్టినదానిని కాపాడుటకు ఆ నిషేధము వర్తింపదు. అదే రాతిపై, నాలుగడుగుల అవతల, అడవి నిలిచియున్నది కదా! రాతిపగుళ్ళలో తమ దారిని తామే వెదకికొన్న వేళ్ళు అవి. ఒక మోడు క్రిందనున్న వేరు ఎన్నియో యేండ్లుగ త్రవ్విన నుయ్యి వంటిది. నర్సరీసంచిలోని మొక్కకు ఆ నుయ్యి లేదు. తుమికి, మోదుగ, రేగు, రేల, చిరుమాను – ఇవన్నియు నరికినను మొదటినుండి చిగుర్చు స్వభావము గలవి. కావున నాలుగవయేట నేను ఒక్క మొక్కయు నాటలేదు. నేలను మేతనుండి తప్పించి, మోళ్ళను లెక్కపెట్టించి, ఒక్కొక్క మోటినుండి లేచిన పదిపండ్రెండు చిగుళ్ళలో బలమైనవి రెండు నిలిపి తక్కినవి కోయించితిని. రెండేండ్లలో మోదుగలు తలయెత్తు ఎదిగినవి. తుమికి మెల్లగ పెరుగును గాని మొండిది. కొన్న మొక్క ఒక్కటియు లేకయే నా వనౌషధివర్గములో పదునాలుగు పాఠములు సిద్ధమైనవి.

నాటుట ఆ పిదపనే. ఇందును వరాహమిహిరుని మాట ఉపకరించినది. మొదట నేలలో నువ్వులు చల్లి, పూచినపుడు వానిని అక్కడనే మట్టిలో కలిపివేయవలెనని ఆయన చెప్పినాడు. అదియే నేలకు చేయు తొలి సంస్కారము. మెట్టరైతులు జీలుగ, జనుము చల్లి దున్నుటలో ఉన్న యుక్తియే ఇందును కలదు. మా నేలలో నాగలి ఆడదు కనుక వాలునకు అడ్డముగ రాళ్ళను మోకాలెత్తు గట్లుగ పేర్పించి, గట్టునకు ఎగువన నిలిచిన మన్నులో మాత్రమే నువ్వులు చల్లించితిని. రెండు వానకాలములకు గట్ల వెనుక మూరెడు మన్ను చేరినది. ఉసిరి, మారేడు, వెలగ అచటనే నాటితిని. చెట్టుకును చెట్టునకును నడుమ ఇరువది మూరలు ఉత్తమము, పదునారు మధ్యమము, పండ్రెండు అధమము అను కొలత వాలుపై పాటించుట కష్టము. మన్ను ఎచట నిలిచినచో అచటనే నాటవలసివచ్చినది. మొదటి రెండు వేసవులలో ప్రతిమొక్క ప్రక్కన అడుగున చిల్లి వేసి, గుడ్డపేలిక చొనిపిన కుండ పాతి నీరు పోయించితిని. మూడవ వేసవికి కుండలను తీసివేసితిని. చచ్చునది చచ్చుగాక యని కాదు. అలవాటు పడినవేరు లోతునకు పోదు.

నీటిని గూర్చి నాకు మరియొక ఆశాభంగమైనది. బృహత్సంహితలో ఉదకార్గళమను అధ్యాయము జాంగలభూమివారికి గొప్ప ఆకర్షణ. ఏ చెట్టునకు ఏ దిక్కున పుట్టయున్నచో ఎన్ని మూరల దూరమున, ఎన్ని పురుషప్రమాణముల లోతున జలనాడి యుండునో అందు చెప్పబడినది. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమునందలి భూగర్భశాస్త్రజ్ఞులు ఇ.ఎ.వి. ప్రసాదు గారు ఈ విషయముపై పరిశోధించి 1980లో గ్రంథము ప్రకటించిరి. చెదపుట్టకు తడి యవసరమనియు, కొన్ని చెట్ల వేళ్ళు భూజలమునకు సూచకములనియు నేటి శాస్త్రమును అంగీకరించును. మా నేలలో పుట్టతో కూడిన వావిలిపొద యొకటి కలదు. అట్టి వావిలికి దక్షిణమున మూడు మూరల దూరమున, రెండుంబాతిక పురుషముల లోతున, తియ్యని, ఇంకని నీరుండునని గ్రంథము. పురుషమనగా నూటయిరువది అంగుళములు, అనగా ఐదు మూరలు; కనుక లోతు సుమారు పదునేడడుగులు. త్రవ్వించితిని. పదునాలుగడుగులకు నీరు పడినది. తియ్యనిదే. కాని వైశాఖమున ఇంకిపోయినది. "ఇంకని" యను విశేషణమొక్కటి తప్పినదని శిష్యులు నవ్విరి. వరాహమిహిరుని కాలమున చుట్టును బోరుబావులు లేవని నేను సమాధానము చెప్పితిని. అది సమాధానమో, భక్తియో వారికే వదలితిని. ఏమైనను, కుండలకు ఆ నీరు ఫాల్గునమువరకు చాలినది.

ఇక సింహాదివర్గము. మా ప్రాంతమున మృగభయము కవిసమయము కాదు. 2022 మే, జూన్ మాసములలో ప్రత్తిపాడు మండలమున పెద్దపులి తిరిగి పశువులను చంపినది. 2024 సెప్టెంబరులో దివాన్‌చెరువు అడవియందు చిరుతపులి కనబడి, కొన్ని దినములకు కడియపులంక నర్సరీల నడుమకు వచ్చినది. పూలమొక్కల వరుసలలో చిరుత అడుగుజాడలు చూచి కూలీలు పనులు మానిన దినములవి. జాంగలదేశము ఆనూపదేశమునకు అతిథిగా వచ్చినట్లయినది. అయినను తోటవానికి నిత్యశత్రువులు పులులు కావు. అడవిపంది, కోతి, ఏదుపంది, ఈ మూడే.

పందిని గూర్చి మనుస్మృతి అష్టమాధ్యాయమున ఒక చక్కని విధి కలదు. పొలమునకు కట్టు దడి, ఒంటె పైనుండి చూడలేనంత ఎత్తు ఉండవలెననియు, కుక్కగాని పందిగాని ముట్టె దూర్చగల రంధ్రమేదియు అందులో మిగులరాదనియు చెప్పబడినది. పశువులవలన కలుగు పంటనష్టపు వ్యవహారములో ఇది వచ్చును. రెండవ విధియే మనకు కావలసినది. పంది దూకునది కాదు, దూరునది. నేను మొదట వేయించిన ముళ్ళతీగెకు అడుగున జానెడు సందుండెను. ఎత్తుపై శ్రద్ధ చేసితిని గాని సందుపై చేయలేదు. దానికితోడు సురపాలుడు చెప్పిన కుణపజలముపై మోజుపడితిని. మూలగ్రంథమందలి కుణపజలము మృగమాంసాదులతో ఉడికించి పులియబెట్టునది. నావంటివానికి చేయశక్యము కాదు. మాంసము వదలి తెలకపిండి, మినుగులు, పేడ పులియబెట్టి మొక్కల మొదళ్ళలో పోయించితిని. మొక్కలకు మేలైనదో కాదో చూచు అవకాశమే పందులు నాకీయలేదు. ఆ వాసనకు మందగ వచ్చి, పోసిన ప్రతి మొదలును వరుస తప్పకుండ దున్నిపోయినవి. మృగములు తిరుగు చోట పులియబెట్టిన పిండిని పైపైన పోయరాదను నియమమును నేను సురపాలునికి వినయముతో చేర్చుచున్నాను.

కొందరు దడితీగెకు విద్యుత్తు కలుపుదురు. అది ఘోరము. రాత్రివేళ దారి తప్పిన మనుష్యులు అట్టి తీగెలకు బలియైన వార్తలు పత్రికలలో పలుమార్లు చదువుచునే యున్నాము. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము అనుమతి లేక అడవిపందిని చంపుటయు నేరమే. జీవించు దడియొక్కటే నాకు మార్గముగ తోచినది. రాతిగట్టు వెలుపల కలివి, వాక, గచ్చ, రేగు కలిపి మూడు వరుసలుగ వేయించి, నడుమ నడుమ గుంపెనకొమ్మలను గుంజలుగ పాతించితిని. గుంపెనకొమ్మ గుంజగా పాతినను వేరు పట్టును. లోపలివైపున వావిలి, మేకయు ఆవును దానిని ముట్టవు. మొదటి మూడేండ్లు ఈ దడి దడి కాదు, ఆశ మాత్రమే. సందులలో ముళ్ళకంప కుక్కుచు వచ్చితిమి. ఐదవయేటికి కలివియు గచ్చయు అల్లుకొని పందిముట్టె దూరని స్థితికి వచ్చినది. గచ్చ కొంచెము పొగరుబోతు. ఏటేట కోయింపకున్నచో లోపలి చెట్లపై పడును.

దడిని గూర్చి యడిగినవారందరు నాగజెముడు, కిత్తనార వేయుమని సలహా చెప్పిరి. అవి మనవేయని వారి నమ్మకము. నాగజెముడు అమెరికానుండి వచ్చినది. మన పాతకాలపు జెముడు బొమ్మజెముడు, వేరు కుటుంబముది. కిత్తనారయు అట్టిదే. పేరులో నాగుడుండుట స్వదేశీయతకు ప్రమాణము కాదు. సీతాఫలమును అట్లే, రామకథతో ముడిపడిన పేరు గలిగి, మెట్టగుట్టలపై తనంత తానే మొలచుచున్నను, అదియు అమెరికాఖండమునుండి వచ్చినదని వృక్షశాస్త్రజ్ఞుల నిర్ణయము. తెలుగువారు సీమచింత, సీమజామ అని సీమశబ్దము చేర్చి కొన్నిటికి జన్మపత్రిక వ్రాసిరి. మరికొన్నిటికి ముద్దుపేరు పెట్టి ఇంటిలో కలుపుకొనిరి. అయినను నా నేలలో ముందునుండియున్న సీతాఫలపు పొదలను నేను పెరికింపలేదు. అవి రాతినేలకు అలవడినవి, మేకలు ముట్టనివి, ఎవరికిని అపకారము చేయనివి. పేరు సంస్కృతమైనంత మాత్రమున మన మొక్క యగునను భ్రమ మాత్రము పండితులకు తగదు; వనౌషధివర్గము చదివిన మనమే ఆ భ్రమకు ముందుగ లోనగుదుము.

కోతులకు దడి లేదు. దానికి శాస్త్రమునను నాకు ఉపాయము దొరకలేదు. పొలము చివర, అడవివైపున, ముందునుండి యున్న ఒక మర్రిని, వాగుదరి మేడిచెట్టును వానికి విడిచితిని. మేడి అనూపజమే యైనను వాగు తడికి నిలిచినది. అవి పండినన్ని దినములు కోతులు ఇటు రావు. పండనపుడు వచ్చును. ఉసిరికాయ పులుపుకు అవి అంతగ ఆశపడవు; వెలగకాయ పెంకు పగులగొట్టు ఓపిక చిన్నకోతులకు లేదు. మారేడును అట్లే. గట్టిపెంకు, పులుపు, వగరు, ముల్లు గల ఫలములు జాంగలదేశమున ఇన్ని యేల యున్నవో కోతుల మందను ఒక పూట చూచినవారికి బోధపడును. దానిమ్మను మాత్రము మరల నాటలేదు.

ఇప్పుడా నేలలో మోళ్ళనుండి లేచినవియు నాటినవియు కలిసి ముప్పదియొక్క జాతులున్నవి. చెట్లకు పలకలు కట్టించి ఒకవైపు అమరములోని నామములను, మరియొకవైపు ఆ ఊరివారు పిలుచు పేరును వ్రాయించితిని. రెండవవైపు వ్రాయుటకు మేకలు కాయు ఆ వృద్ధుడే ఆధారము. చిరుమానును, ఏగిసను బెరడు చూచి వేరుచేయుట ఆయనయే నేర్పెను. శిష్యులు ఏటేట శ్రావణమున వచ్చి ఒక దినము గడపుదురు. వర్గమును వల్లించుచు చెట్టునుండి చెట్టునకు నడతురు. అశ్వకర్ణము వద్ద మాత్రము ఆగిపోవుదురు. దాని నిర్ణయము విద్వాంసులలో వివాదగ్రస్తము కనుక ఏ చెట్టునకును ఆ పలక కట్టింపలేదు.

ఈ యేడు ఆరుద్రలో దడిని చూడబోగా, కలివిపండ్లు తిన్న పిట్టలు గింజలను విడువగా వెలుపలివైపున నాలుగవ వరుస తనంత తాను మొలచియుండెను. పొరుగు రైతు ఆ మొలకలలో కొన్నిటిని తన గట్టునకు అడిగినాడు. వేళ్ళతో పెరికినచో బ్రదుకవనియు, పండ్లకాలమున వచ్చి గింజలనే కొనిపొమ్మనియు చెప్పితిని.